మట్టిబండి చాటున రాజ్యతంత్రము

మృచ్ఛకటిక కర్త ఎవరని అడిగినచో దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయములలో పోటీ పరీక్షలకు చదువుకొను ఏ విద్యార్థియైనను శూద్రకుడని తడుముకొనక చెప్పగలడు. నాయకుడు చారుదత్తుడు, నాయిక వసంతసేన, అంకములు 10, రూపకభేదము ప్రకరణము. పరీక్షకు ఈ నాలుగు మాటలు చాలును. బడులలో సంస్కృత నాటకములను పరిచయము చేయు ఉపాధ్యాయులు సైతము దీనిని నిరుపేద యైన బ్రాహ్మణ వర్తకుని గుణమునకు వలచిన గణిక కథగా చెప్పి, బంగారు బండి కావలెనని ఏడ్చిన పసివాని మట్టిబండిలో ఆమె తన నగలు నింపిన ఘట్టముతో ముగింతురు. అది అందమైన ఘట్టమే. కాని ఆ ప్రేమకథ నడచుచుండగనే ఉజ్జయినిలో ఒక రాజు సింహాసనమును, ప్రాణమును కూడ కోల్పోయినాడనియు, అతనిని కూల్చిన వారిలో మంత్రి యొక్కడును లేడనియు జ్ఞాపకముంచుకొను వారు తక్కువ. ఒక దొంగ, ఒక జూదరి, పశులకాపరి కొడుకు, ఒక చర్మకారుడు, పేరులేని విటుడు. వీరు ఆ రాజ్యమును తలక్రిందులు చేసినవారు.

ఈ రాజకీయ కథ శూద్రకుని సొంత కల్పన యనుటకు ఒక ఆధారము చూపవచ్చును. కేరళమున దొరకిన తాళపత్ర ప్రతులను పరిష్కరించి టి. గణపతిశాస్త్రి 1912 నుండి ప్రకటించిన భాస నాటకములలో ‘చారుదత్తము’ అను నాలుగంకముల రూపకము కలదు. మృచ్ఛకటికము మొదటి నాలుగంకములకును దానికిని పోలిక చాల దగ్గరది. అదే వసంతసేన, అదే శకారుడు, అదే నగల మూట, అదే కన్నము. అయితే అందు ఆర్యకుడు లేడు, పాలకరాజుపై కుట్ర లేదు. చారుదత్తమే ముందుదా, లేక అది పెద్ద నాటకమును రంగస్థలము కొరకు కుదించిన ప్రతియా అను వాదము పండితులలో ఇంకను తెగలేదు. ముందుదని తలచినచో శూద్రకుడు ఒక ప్రేమకథను తీసికొని దానిలో తిరుగుబాటును నేసినాడని ఒప్పుకొనవలెను. కుదింపని తలచినను, కుదించినవానికి మొట్టమొదట తీసివేయదగినదిగా తోచినది ఆ తిరుగుబాటే యగుట గమనింపదగినది.

ఆ కుట్రకు మూలము ఒక భయము. పశులకాపరి కొడుకైన ఆర్యకుడు రాజగునని ఒక సిద్ధుడు చెప్పినాడట. ఆ మాటకు బెదరి పాలకుడు ఆర్యకుని మందల నడుమనుండి పట్టి తెప్పించి చెరలో వేయించెను. నేరము లేదు, విచారణ లేదు. ఆర్యకుని మిత్రుడు శర్విలకుడు ఈ వార్త విన్ననాడే కొత్త పెండ్లికొడుకు. దాస్యమునుండి విడిపించి తెచ్చుకొన్న మదనికను బండిలో ఒక స్నేహితుని యింటికి పంపివేసి, తాను బంధువులను, ధూర్తులను, రాజుచేత అవమానింపబడిన కొలువువారిని కూడగట్టుటకు బయలుదేరును. ఆ సమయమున అతడు తన్ను తాను ఉదయనుని మంత్రియైన యౌగంధరాయణునితో పోల్చుకొనును. కన్నపుదొంగ మహామంత్రితో పోల్చుకొనుట విని నవ్వు వచ్చును గాని, కథ ముగియునప్పటికి ఆ పోలిక నిజమగును.

ఈ శర్విలకుడు పుట్టుకచే బ్రాహ్మణుడు. దానము పట్టని చతుర్వేదపండితుని కొడుకు. అట్టివాడు చారుదత్తుని గోడకు కన్నము వేయుచు, కొలతాడు మరచివచ్చి, జందెముతో కొలతలు తీసికొనును. జందెము బ్రాహ్మణునికి ఎంత ఉపకారియో, అందును తనవంటి వానికి ఎంత ఉపకారియో అని మురిసిపోవును కూడ. ఎవ్వని పుట్టుక ఏది, వాడు చేయుచున్న పని ఏది అన్న ప్రశ్న ఈ నాటకమంతటను ఇట్లే పరిహాసముగా మొదలై, పోను పోను పరిహాసము కాక పోవును.

పాలకుడు రంగముమీదికి ఒక్కసారియైనను రాడు. ఇది ఈ నాటకమునందలి గొప్ప యుక్తులలో నొకటి. రాజు కనబడడు, రాజు బావమరిది మాత్రము అడుగడుగున కనబడును. ఉంచుకొన్నదాని తమ్ముడైన శకారుడు పట్టుబట్టలు, పూలదండలు వేసికొని వీధులలో స్త్రీలను తరుముచుండును. రావణునికి కుంతిని, హనుమంతునికి సుభద్రను అంటగట్టి పురాణములు వల్లించుచుండును. అతని అజ్ఞానమునకు సభలో అందరును నవ్వుదురు. నవ్వుచుండగనే తెలియవలసినదేమనగా, ఆ పలుకులను ముఖముమీద తప్పని చెప్పుటకు ఉజ్జయినిలో ఎవనికిని ధైర్యము చాలదు. అతని వెంట తిరుగు విటుడు ఎత్తిపొడుపు మాటలతో సరిపెట్టుకొనును. ఒక ప్రభుత్వము ఎంత చెడిపోయినదో చెప్పుటకు దుష్టుడైన రాజును చూపనక్కరలేదు, వాని బావమరిదిని చూపిన చాలునని శూద్రకుడు ఎరుగును.

కథకు కీలు ఆరవ అంకమునందున్నది. పండితులు దానికి ప్రవహణ విపర్యయమని పేరు పెట్టినారు, అనగా బండ్లు తారుమారగుట. విజయవాడ రహదారియు వలయ రహదారియు కలియు ఎల్.బి.నగర్ కూడలిలో సాయంకాలమున చిక్కుకొని నిలిచినవారికి ఈ అంకము వ్యాఖ్యానము లేకయే బోధపడును. శకారుని బండి తోలు స్థావరకుడు ఊరి బండ్లు దారికి అడ్డము నిలిచినందున చారుదత్తుని తోట ప్రక్కవాకిట బండిని ఆపి, కూరుకొనిపోయిన యెవరిదో చక్రమునకు చేయి సాయము పట్టుటకు దిగును. చారుదత్తుని బండివాడు వర్ధమానకుడు మరచిపోయిన పరుపులు తెచ్చుటకై అంతకుముందే వెనుకకు మరలినాడు. నిలిచియున్న బండి తనకొరకు వచ్చినదే యనుకొని వసంతసేన దానిలో నెక్కి నేరుగా శత్రువు తోటకు పోవును. చెర తప్పించుకొని పరుగెత్తి వచ్చిన ఆర్యకుడు పరుపులతో తిరిగివచ్చిన వర్ధమానకుని బండిలో దూరును. కాలి సంకెల గలగలను వర్ధమానకుడు వసంతసేన అందెల చప్పుడనుకొనును. ఒక వీధిలో బండ్లు నిలిచిపోయినందున ఒక స్త్రీ మృత్యుముఖమునకును, ఒక ఖైదీ సింహాసనమునకును ప్రయాణము కట్టిరి. రాజ్యములు మారుటకు ఇంత చిన్న కారణమా యని కొందరు విమర్శకులు దీనిని లోపముగా ఎంచినారు. చెర తలుపులు తెరచినది శర్విలకుని సాహసము, బండి దొరకుట మాత్రమే దైవికము అను సంగతిని వారు విడిచిరి.

నగరద్వారముల దగ్గర కావలి హెచ్చినది. ఆ బండిని వీరకుడు, చందనకుడు అను ఇద్దరు రక్షకాధికారులు ఆపుదురు. చారుదత్తుని బండి, లోపల వసంతసేన యున్నది, చూడనక్కరలేదని చందనకుడు అనును. రాజకార్యమున కన్నతండ్రినైనను ఎరుగనని వీరకుని వాదము. చివరకు చందనకుడే తొంగిచూచును. లోపల ఆర్యకుడు శరణు కోరును. చందనకుడు అభయమిచ్చి వెలుపలికి వచ్చునప్పటికి అతని మనస్సు మనస్సులో లేదు. లోపలనున్నది ఏ నేరమును చేయనివాడు, తనకు ప్రాణదాత యైన శర్విలకుని మిత్రుడు. ఇటుప్రక్క ఉన్నది రాజాజ్ఞ. ఆ తొట్రుపాటులో అతని నోట మొదట పురుషునికి చెల్లు మాట వచ్చి, వెంటనే స్త్రీకి చెల్లు మాటగా దిద్దుకొనును. ఒక్క ప్రత్యయము పొరపాటు. వీరకుడు దానిని పట్టుకొనును.

అప్పుడు చందనకుడు చెప్పుకొను సమాధానము దక్షిణదేశపు పాఠకులు ప్రత్యేకముగా చదువదగినది. తాము దాక్షిణాత్యులమనియు, తమ పలుకు స్పష్టముగా ఉండదనియు, కర్ణాట ద్రావిడ చోళాది దేశభాషలు అనేకము ఎరిగినవారము గనుక నోటికి వచ్చినట్లు పలుకుదుమనియు అతడు దబాయించును. ఉత్తరదేశపు నగరములో దక్షిణాది ఉద్యోగి తన యాసను నేరముగా కాక కవచముగా వాడుకొన్న ఘట్టము సంస్కృత నాటకములలో మరియొకటి దొరకుట కష్టము. వీరకుడు ఒప్పుకొనడు. ఇక చందనకుడు కావలెననియే కన్నడిగుల పద్ధతి కలహము పెట్టుకొనును. కలహము వెంటనే కులముమీదికి పోవును. నేరుగా పేరెత్తక, కత్తెర, దువ్వెన మొదలగు పనిముట్ల సైగలతో నీవు మంగలివని చందనకుడు వీరకుని ఎత్తిపొడుచును. భేరి నీ తల్లి, పటహము నీ తండ్రి యన్న ధోరణిలో నీవు చర్మకారుడవని వీరకుడు చందనకుని ఎత్తిపొడుచును. ఇద్దరును రాజుగారి నమ్మకస్థులు, ఇద్దరును పదవిలో నున్నవారు. కోపము రాగానే పదవి ఎగిరిపోయి పుట్టుక మిగిలినది. ఈ ఘట్టమును తరగతిలో చెప్పుటకు ఉపాధ్యాయులు సంకోచింతురు. దాటవేయుటకంటె చదివి, ఆ ఇద్దరిని అంత చులకనగా పోట్లాడుకొనునట్లు చేసినది ఎవరని విద్యార్థులను అడుగుట మేలు.

వీరకుడు బండి ఎక్కబోగా చందనకుడు జుట్టుపట్టి క్రిందికి లాగి తన్నును. ఆర్యకునికి ఒక కత్తి ఇచ్చి, మరువవద్దని కోరి, కొడుకులతోడను తమ్ములతోడను తానును శర్విలకుని వెంట పోవును. పాలకుని రాజ్యము నిజముగా పోయినది ఇక్కడనే. సేనలు పోరాడి గెలిచినట్లు కవి ఎక్కడను చూపలేదు. కావలివాడొకడు కావలి మానినాడు, అంతే.

ఈ చందనకుని చదువునప్పుడు మన తెలుగు నాటకములోని చాకలి పేరిగాడు జ్ఞప్తికి రాక మానడు. వేదము వేంకటరాయశాస్త్రి 1897లో ప్రకటించిన ప్రతాపరుద్రీయము కూడ రాజ్యతంత్ర నాటకమే. ఓరుగంటి ప్రభువును ఢిల్లీకి కొనిపోగా, మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషమున వెడలి విడిపించు కథ. చరిత్రలో 1323లో చెరపడిన ప్రతాపరుద్రుడు తిరిగి రాలేదు, నర్మదాతీరమున మరణించినాడని విలస శాసనము చెప్పుచున్నది. నాటకములో మాత్రము మంత్రి గెలుచును. ఆ గెలుపునకు రాజు పోలికలు గల పేరిగాడు సాధనము. అతని నోట శాస్త్రిగారు వాడుకమాటలు పలికించినారు. 1891 నాటి నాగానందాంధ్రీకరణముతోనే ఆయన మొదలిడిన ఈ పాత్రోచితభాష పెద్ద వివాదమైనది. గ్రంథములలో గ్రామ్యమును గట్టిగా నిరసించిన పండితుడే రంగముమీద చాకలికి చాకలి మాట ఉండవలెనని పట్టుపట్టుట చిత్రము. అయినను ఒక భేదమున్నది. యుగంధరునికి పేరిగాని ముఖము కావలెను. శర్విలకునికి చందనకుని ముఖముతో పని లేదు, అతని నిర్ణయముతోనే పని. ఒకచోట చిన్నవాడు మంత్రి చేతి పావు, మరియొకచోట ఆట మార్చినవాడు.

భాషల ప్రసక్తి వచ్చినది గనుక మరియొక మాట. మృచ్ఛకటికమున ఉన్నన్ని ప్రాకృత భేదములు వేరు నాటకములో కానరావు. శౌరసేని, ఆవంతి, ప్రాచ్య, మాగధి, శాకారి, చాండాలి, ఢక్కి యని వ్యాఖ్యాత పృథ్వీధరుడు లెక్కపెట్టినాడు. రాజబంధువైన శకారునిది ప్రాకృతము. పశులకాపరి కొడుకైన ఆర్యకునిది సంస్కృతము. కిరీటము రాకముందే కవి అతనికి రాజభాషను ఇచ్చినాడు. 1958లో హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢ్ జానపద నటులను ఢిల్లీకి రప్పించి ‘మిట్టీ కీ గాడీ’గా దీనిని ఆడించుటకు ఈ నాటకమునందలి ఇట్టి నోళ్లే దారి చూపినవనవచ్చును. 1967లో అక్కినేని, కృష్ణకుమారి నటించిన తెలుగు చిత్రమునకు ‘వసంతసేన’ యన్న పేరు పెట్టుటలోనే వారి దృష్టి ఎటో తెలియుచున్నది.

ఎనిమిదవ అంకమున తోటలో వసంతసేన దొరకును. తన్ను నిరాకరించిన ఆమెను చంపుమని శకారుడు మొదట విటుని అడుగును. విటుడు కాదనును. తరువాత స్థావరకుని అడుగును. బంగారు కడియములిత్తును, బంగారు పీట ఇత్తును, సేవకులందరికిని పెద్దను చేయుదునని ఆశ చూపును. ఒక్కొక్క దానికి చిత్తమనుచు వచ్చి, పని ఇదియని తెలియగానే స్థావరకుడు నిలిచిపోవును. ప్రభువునకు తన దేహముమీద అధికారమే గాని నడతమీద లేదని చెప్పి, దెబ్బలు తినును. ఇద్దరును ఒకే పాపమును నిరాకరించిరి. తరువాత జరిగినదానిలో భేదము చూడుడు. శకారుడు తన చేతులతోనే ఆమె గొంతు నులిమిన పిమ్మట, విటుడు ఛీకొట్టి శర్విలక చందనకులను చేరుటకు నడచిపోవును. స్థావరకుడు పోలేడు. అతడు దాసుడు. శకారుడు అతనిని సంకెల వేసి తన మేడ మీద పడవేయును. నీతి ఇద్దరికిని సమానముగనే ఉన్నది. దానిని చేతబట్టుకొని గడప దాటు స్వేచ్ఛ ఒక్కనికే ఉన్నది.

తొమ్మిదవ అంకము న్యాయస్థానము. శకారుడు తానే హంతకుడై చారుదత్తునిపై అభియోగము తెచ్చును. ఈ దినమున వినుటకు వీలుపడదన్న న్యాయాధికారిని, బావతో చెప్పి తీసివేయించి వేరొకరిని పెట్టింతునని బెదరించును. అధికారి చెడ్డవాడు కాడు. బుద్ధిమంతుడు, చారుదత్తుని మంచితనము ఎరిగినవాడు. అయినను వ్యవహారము చేపట్టును. అప్పుడే, తన్నులు తిన్న అవమానముతో వీరకుడు ఫిర్యాదు చేయ వచ్చి, వసంతసేన చారుదత్తుని బండిలో తోటకు పోయినదన్న సంగతి బయట పెట్టును. అతడు అబద్ధమాడలేదు, విన్నదే చెప్పినాడు. ఆర్యకుని రక్షించిన మాటయే చారుదత్తుని మెడకు త్రాడైనది. విదూషకుని చంకనుండి నగల మూట జారిపడుటతో నేరము రుజువైనట్లే. బ్రాహ్మణుని చంపరాదు, దేశమునుండి పంపవలెనని మనుస్మృతిని చూపి అధికారి నివేదించును. రాజు శూలారోపణమునకు ఆజ్ఞ ఇచ్చును. ఆ ఆజ్ఞ కూడ తెర లోపలినుండియే వచ్చును.

వధ్యస్థానమునకు కొనిపోవుచున్న చారుదత్తుని చూచి స్థావరకుడు మేడమీదినుండి దూకును. సంకెల విరుగును, ప్రాణము నిలుచును. పరుగెత్తి వచ్చి చంపినది తన యజమానియని అందరి ఎదుట చెప్పును. శకారుడు రహస్యముగా ఒక కడియము చేత పెట్టి మాట మార్చుమనును. స్థావరకుడు దానిని ఎత్తి చూపి, లంచమిచ్చుచున్నాడు చూడుడని కేక వేయును. వెంటనే శకారుడు దానిని లాగికొని, ఈ కడియము దొంగిలించినందుకే వీనిని కట్టివేసితిని, అందుకే ఈ కసి యనును. తలవరులకు ఆ మాటయే నమ్మదగినదిగా తోచును. సాక్ష్యమును నేరముగా మార్చుటకు ఒక్క వాక్యము చాలినది, ఏలననగా చెప్పినవాడు యజమాని, చెప్పబడినవాడు దాసుడు. దాస్యమెట్టిదనగా నిజము చెప్పినను ఎవరును నమ్మరని స్థావరకుడు ఏడ్చి చారుదత్తుని కాళ్లమీద పడును. నాటకము మొత్తములో ఇంతకంటె బరువైన చోటు లేదు. వసంతసేన తిరిగి వచ్చి నిజము తేలునన్న సంగతి చదువరికి తెలిసియున్నను ఆ బరువు తగ్గదు, ఆమె రాకున్న స్థావరకుని మాట ఏమై యుండునో కూడ తెలిసినదే గనుక.

తల నరుకవలసిన చండాలురు ఇద్దరు. ఆ కులమున పుట్టితిమే గాని తాము చండాలురము కామనియు, సజ్జనుని హింసించువారే చండాలురనియు వారందురు. తొందరపడి చంపవద్దని చనిపోవుచు తండ్రి చెప్పినాడని వారిలో ఒకడు జ్ఞాపకము చేసికొనును. ఎవరైన ధనమిచ్చి విడిపింపవచ్చును, రాజునకు కొడుకు పుట్టవచ్చును, ఏనుగు కట్టు తెంచుకొనవచ్చును, రాజే మారిపోవచ్చును. తరతరములుగా ప్రభువుల ఆజ్ఞతో తలలు నరికిన కుటుంబము నేర్చుకొన్న రాజనీతి అది. ఆలస్యము చేయుటయే వారు చేయగల దయ. ఆ ఆలస్యములోనే, ఒకప్పుడు జూదపు అప్పునకు వసంతసేన విడిపించగా భిక్షువైన సంవాహకుడు, తాను బ్రతికించిన ఆమెను వెంటబెట్టుకొని వచ్చును. యజ్ఞశాలలో ఆర్యకుడు పాలకుని చంపినాడన్న వార్తతో శర్విలకుడును వచ్చును.

కొత్త రాజు పేరిట పంపకము మొదలగును. చారుదత్తునికి వేణాతీరపు కుశావతీ రాజ్యము. వసంతసేనకు వధువను గౌరవము. భిక్షువునకు విహారములన్నిటిపై ఆధిపత్యము. చందనకునికి భూమిమీది దండపాలకత్వము. స్థావరకునికి దాస్యవిముక్తి. చండాలురు ఇద్దరు చండాలులందరికిని అధిపతులు. నాటకము ముగియు తొందరలో ఈ పట్టికను చదివి దాటిపోవుదురు గాని, ఒక్కొక్కటి ఆగి చూడవలెను. వధ్యశిల దగ్గర తామెవ్వరో అంత స్పష్టముగా చెప్పిన ఆ ఇద్దరికి రాజ్యము మారిన తరువాత దక్కినది తమ కులములోని పెద్దరికమే. శకారుడు చారుదత్తుని శరణు జొచ్చి క్షమింపబడి, మునుపటి స్థితిలోనే ఉండుమన్న అనుజ్ఞ పొందును. బావ చచ్చినను బావమరిదికి లోటు రాలేదు. న్యాయాధికారి సంగతి కవి చెప్పలేదు. రాజకార్యమున తండ్రినైనను ఎరుగనన్న వీరకుని పేరు పంపకములో ఎవ్వరును ఎత్తలేదు.